సంఘం పాటను గోడలు మింగేస్తున్నాయా?

2024 డిసెంబరులో రెండు మందిరాలు వార్తల్లో నిలిచాయి. ఒకటి పారిస్‌లోని నోత్ర్ దామ్. 2019 ఏప్రిల్ 15న మంటల్లో చిక్కుకున్న ఆ మందిరాన్ని ఐదేళ్లకు పైగా శ్రమించి బాగుచేసి, డిసెంబరు 7, 8 తేదీల్లో తిరిగి తెరిచారు. రెండోది మన మెదక్ మందిరం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ దేవాలయానికి ఆ క్రిస్మస్‌తో నిండా నూరేళ్లు. రెండింటి గురించీ పత్రికలు విస్తారంగా రాశాయి. రాళ్లు, రంగుటద్దాలు, గోపురం, ఖర్చు, వచ్చిన ప్రముఖులు అన్నీ రాశాయి. ఒక్క సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. ఆ మందిరాలను కట్టినవారు, కాపాడినవారు కంటికి కనిపించే అందంతో పాటు చెవికి వినిపించేదాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

నోత్ర్ దామ్‌నే చూద్దాం. నేల నుండి కప్పుకు సుమారు 33 మీటర్ల ఎత్తు, నాలుగు వైపులా రాయి. అక్కడ ఒక్క స్వరం పలికి ఆపితే అది సద్దుమణగడానికి దాదాపు 6 సెకన్లు పడుతుంది. అగ్నిప్రమాదానికి ముందే బ్రయన్ కాట్జ్ అనే ధ్వనిశాస్త్రజ్ఞుని బృందం ఆ మందిరంలో ధ్వని కొలతలు తీసి భద్రపరచింది. పునరుద్ధరణ కోసం ఏర్పడిన శాస్త్రీయ బృందాల్లో రాతికి, కలపకు, గాజుకు ఉన్నట్టే ధ్వనికీ ఒక బృందం ఉంది. సుమారు 8,000 గొట్టాలున్న పెద్ద ఆర్గన్ కాలిపోలేదు గాని సీసపు ధూళితో నిండిపోయింది. దాన్ని విప్పి, శుభ్రం చేసి, తిరిగి అమర్చి, ఆ మందిరంలోనే శ్రుతి చేశారు. తెరిచిన సాయంత్రం ఆర్చిబిషప్ ఎనిమిదిసార్లు ఆర్గన్‌ను పిలిచి మేల్కొలపడం ఆరాధన క్రమంలో భాగమైంది.

మెదక్ మందిరం కథ మనకు మరింత దగ్గరిది. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని కల్పిస్తూ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర కట్టించిన ఆ దేవాలయం సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. అంత విశాలమైన చోట మాట చెదిరిపోకుండా పైకప్పుకు ధ్వనిని పీల్చుకునే స్పంజి వంటి పదార్థం వాడారని దాని చరిత్ర చెప్పేవారు ప్రస్తావిస్తుంటారు. మన పల్లెల్లో మైకు ఎరుగని రోజులవి. బోధకుని గొంతు, సంఘం గొంతు, ఆ గోడలు, ఆ కప్పు, ఇవే వారికున్న సౌండ్ సిస్టమ్.

ఇక మన కాలానికి వద్దాం. గత ఇరవై ముప్పై ఏళ్లలో తెలుగు సంఘాలు ఎన్నో కొత్త మందిరాలు కట్టుకున్నాయి. పెంకుల కప్పు పోయి స్లాబు వచ్చింది. గచ్చు పోయి నిగనిగలాడే టైల్స్ వచ్చాయి. సున్నపు గోడ పోయి పుట్టీ, గాజు, వేదిక వెనక ఎల్‌ఈడీ తెర వచ్చాయి. ఇందులో విశ్వాసుల కష్టార్జితం ఉంది, పెళ్లినాటి గాజులు కానుకగా ఇచ్చిన తల్లుల త్యాగం ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. అయితే ప్రతిష్ఠ పండుగ ముగిసిన నెలలోపే చాలా చోట్ల ఒకే మాట వినిపిస్తుంది: వాక్యం సరిగా అర్థం కావడం లేదు, పాట గోలగా ఉంది. వెంటనే పెద్దలు కూర్చుని మరో రెండు బాక్సులు, ఇంకో ఆంప్లిఫయర్ కొనాలని తీర్మానిస్తారు. అవి వచ్చాక గోల ఇంకా పెరుగుతుంది.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. మన మందిరాల్లో సంఘం కలిసి పాడటం సన్నగిల్లుతోంది. వేదిక మీద పాట పెరిగింది, బల్లల మీద పాట తగ్గింది. దీనికి కారణాలు చాలా ఉండవచ్చు. మందిరం లోపలి భాగాన్ని ధ్వని గురించి ఆలోచించకుండా కట్టడం, ఆ లోపాన్ని బాక్సులతో పూడ్చాలని చూడటం అందులో ముఖ్యమైనవి.

మందిరంలో పాట మన చెవికి మూడు విధాలుగా చేరుతుంది. మొదట గాయకుని నోటి నుండి నేరుగా వచ్చే ధ్వని. తరువాత పక్క గోడలకు, కప్పుకు తగిలి వెంటనే వచ్చేది. ఇది సెకనులో ఇరవయ్యో వంతు లోపల చేరితే చెవి దాన్ని వేరుగా గుర్తించదు, అసలు ధ్వనికి బలంగా కలుపుకుంటుంది. మూడోది అన్ని గోడల మధ్య తిరిగి తిరిగి ఆలస్యంగా వచ్చే మారుమోత. ఇది తగినంత ఉంటే పాటకు నిండుదనం వస్తుంది, పది గొంతులు వంద గొంతుల్లా వినిపిస్తాయి. ఎక్కువైతే ముందు పలికిన అక్షరం తరువాతి అక్షరం మీద పడి మాట ముద్దవుతుంది. వెనక గోడ సమస్య వేరు. 60 అడుగుల పొడవున్న మందిరంలో వేదిక మీది పాట వెనక గోడను తాకి తిరిగి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. అందుకే గాయకుడు తన పాటే తనకు ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతాడు, డ్రమ్స్ వాయించే తమ్ముడు ఇంకా గట్టిగా కొడతాడు.

ఈ మారుమోతను లెక్కగట్టడం నేర్పినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాలెస్ సాబిన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని అధికారులు ఆయనకు పని అప్పగించారు. ఆ గదిలో ఒక్క మాట ఐదున్నర సెకన్ల పాటు మోగుతూనే ఉండేది. ఆయన దగ్గరున్నవి ఒక ఆర్గన్ గొట్టం, ఒక స్టాప్‌వాచ్, పక్క నాటకశాల నుండి తెచ్చిన కుర్చీ మెత్తలు. రాత్రి నిశ్శబ్దంలో మెత్తలు ఒక్కొక్కటిగా పేర్చుతూ మారుమోత ఎంత తగ్గుతోందో కొలిచాడు. గది ఎంత పెద్దదైతే మారుమోత అంత ఎక్కువ, ధ్వనిని పీల్చే వస్తువులు ఎంత ఎక్కువైతే అది అంత తక్కువ అన్న సూత్రం అలా తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ సూత్రం ఆధారంగా కట్టినదే.

ఆ సూత్రాన్ని మన మందిరానికి అన్వయించి చూద్దాం. పొడవు 60 అడుగులు, వెడల్పు 40, ఎత్తు 20 అనుకుందాం. నేల టైల్స్, గోడలు పుట్టీ, పైన స్లాబు. ఇలాంటి ఉపరితలాలు తమ మీద పడిన ధ్వనిలో నూటికి ఐదు వంతులకు మించి పీల్చవు. ఖాళీగా ఉన్నప్పుడు ఆ మందిరంలో మారుమోత 5 సెకన్లు దాటుతుంది. ఇక మనుషుల సంగతి. కూర్చున్న ఒక్కో మనిషి సుమారు 5 చదరపు అడుగుల తెరిచిన కిటికీ అంత ధ్వనిని పీల్చుకుంటాడు. ఆదివారం 200 మంది వస్తే మారుమోత 1.6 సెకన్లకు దిగుతుంది. అది పాటకు చక్కని స్థితి. బుధవారం ప్రార్థనకు 50 మందే వస్తే దాదాపు మూడున్నర సెకన్లు. ఒకే మందిరం, ఒకే బాక్సులు, ఒకే గాయకులు. శనివారం ఖాళీ మందిరంలో సరిచేసుకున్న సౌండ్ ఆదివారం ఎందుకు కుదరదో, ఆదివారం బాగున్నది ఉపవాస కూటంలో ఎందుకు గోలగా మారుతుందో ఈ లెక్క చెబుతుంది. విశ్వాసి వచ్చి కూర్చోవడమే మందిరాన్ని పాటకు సిద్ధం చేస్తుంది.

సంఘ చరిత్రలో సంగీతం కూడా మందిరాన్ని బట్టే పెరిగింది. రాతి మఠాల్లో ఆలపించిన గ్రెగరీ గానం నెమ్మదిగా, ఒకే వరుసలో సాగింది. అంత మారుమోతలో వేగంగా పాడితే ఏమీ మిగలదు. లైప్‌జిగ్‌లోని సెయింట్ థామస్ మందిరం కథ వేరు. సంస్కరణ తరువాత ప్రసంగం అందరికీ వినబడాలని ఆ రాతి మందిరంలో కలప బల్లలు, కలప గ్యాలరీలు అమర్చారు. కలప మారుమోతను తగ్గించింది. 1723 నుండి 1750 వరకు అక్కడ సంగీత బాధ్యత వహించిన యోహాన్ సెబాస్టియన్ బాక్ అంత చురుకైన, అల్లికలున్న సంగీతాన్ని సమకూర్చడానికి ఆ మార్పే వీలు కల్పించిందని బ్రిటిష్ ధ్వనినిపుణుడు హోప్ బాగెనాల్ వాదించాడు. వాక్యం వినబడాలని చేసిన పని పాటకూ మేలు చేసింది.

మన కీర్తనలకు కూడా ఇదే వర్తిస్తుంది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలుకొని మన కీర్తనకారులు రాగ తాళాలతో రచించారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే కీర్తన పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. గమకం అంటే స్వరం చుట్టూ గొంతు చేసే సన్నని కదలిక. తబలా మీద వేళ్లు పలికించేది అక్షరం తరువాత అక్షరం. ఇవి ఐదు సెకన్ల మారుమోతలో బతకవు. అవి పుట్టి పెరిగిన చోట్లు తలచుకోండి. తాటాకు పందిరి, మట్టి గోడల ప్రార్థనాలయం, పెంకుల కప్పు, నేల మీద చాపలు, కిటికీలన్నీ బార్లా. ధ్వని నిలవడానికి అక్కడ చోటే లేదు. అందుకే ఒక హార్మోనియం, ఒక కంజీరతో ఊరంతా పాడగలిగింది. ఆ కీర్తనలను నిగనిగలాడే హాల్లో నాలుగు బాక్సులతో పాడి, ఈ కాలం పిల్లలకు కీర్తనలు నచ్చడం లేదంటే అది కీర్తన మీద వేసిన నింద అవుతుంది.

బాక్సులు పెంచితే ఎందుకు బాగుపడదు? సౌండ్ రెండింతలు చేస్తే నేరుగా వచ్చే ధ్వనితో పాటు మారుమోత కూడా రెండింతలవుతుంది. రెండింటి నిష్పత్తి మారదు గనుక స్పష్టత పెరగదు, మోత ఒక్కటే పెరుగుతుంది. పైగా బాక్సులను ఎత్తుగా పెట్టి ఎదుటి గోడ వైపు తిప్పితే ధ్వని మనుషుల కంటే ముందు గోడలకే చేరుతుంది. ఈ మోతలో విశ్వాసికి తన గొంతు తనకు వినబడదు, పక్కనున్న అన్న గొంతూ వినబడదు. తన గొంతు లెక్కలోకి రాదని తెలిసినవాడు పెదవులు కదిలిస్తాడు, కొన్నాళ్లకు అదీ మానేస్తాడు. చప్పట్లు కొడతాడు, తెర మీద మాటలు చదువుకుంటాడు, బయటికి వెళ్లి ఆరాధన బాగా జరిగిందంటాడు. ఇది వినికిడికి కూడా సంబంధించిన విషయం. వినోద వేదికల్లో సైతం సౌండు పావుగంట సగటున 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. బాక్సు ముందు చాప మీద కూర్చునేది మన సండేస్కూలు పిల్లలని మరువకూడదు.

దీనికి విరుగుడు అనుకుని కొందరు మరో అంచుకు పోతున్నారు. నేలంతా కార్పెట్, గోడలంతా ఫోమ్. పలచని కార్పెట్ పై స్థాయి ధ్వనులను మాత్రమే పీలుస్తుంది. బేస్ గిటార్, డ్రమ్ముల మోత అలాగే ఉండిపోతుంది, గొంతుల మెరుపు మాత్రం పోతుంది. మారుమోత బొత్తిగా లేని గదిలో ఎవరి పాట వారి దగ్గరే ఆగిపోతుంది. రికార్డింగ్ స్టూడియోకు అది మంచిదే, కలిసి పాడే సంఘానికి కాదు. తనొక్కడే పాడుతున్నట్టు అనిపిస్తే సిగ్గుపడి ఆగిపోయేవారు మనలో ఎక్కువ. కోడిగుడ్ల అట్టలు, పండుగ అలంకరణకు వాడే థర్మోకోల్ వల్ల ప్రయోజనం దాదాపు ఉండదు. చవక ఫోమ్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక సంగీత వేదిక గోడలకు అంటించిన ఫోమ్‌కు నిప్పంటుకుని 100 మంది చనిపోయారు. కొవ్వొత్తుల ఆరాధన చేసే మనం ఆ వార్త మరచిపోలేం.

పొరుగువారి మాట కూడా చెప్పుకోవాలి. శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరం నుండి అమల్లో ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. అదే ఏడాది ఆగస్టు 30న చెన్నైలోని ఒక సంఘానికి, పక్క కాలనీవాసులకు మధ్య వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇతరుల శాంతిని భంగపరిచే మైకులు, డ్రమ్ములతో ప్రార్థించమని ఏ మతమూ ఆదేశించదన్నది ఆ తీర్పు సారాంశం. సంఘాల మీద కక్షతో చేసే ఫిర్యాదులు లేవని మేము అనడం లేదు. అయినా రేకుల షెడ్డులో తెరిచిన కిటికీల మధ్య బాక్సులు మోగించి, అభ్యంతరం చెప్పినవారందరినీ విరోధుల జాబితాలో చేర్చడం సాక్ష్యం అనిపించుకోదు. గోడకు ఫోమ్ అంటిస్తే ధ్వని బయటికి పోదనుకోవడం కూడా పొరపాటు. ధ్వనిని పీల్చడం వేరు, బయటికి పోకుండా ఆపడం వేరు. ఆపాలంటే బరువైన గోడ, సందుల్లేని తలుపు కావాలి. తక్కువ సౌండుతోనే స్పష్టంగా వినిపించే మందిరం ఉంటే లోపలి సమస్య, బయటి సమస్య రెండూ తగ్గుతాయి.

ఏం చేయవచ్చు? కొత్తగా కట్టబోయే సంఘాలు ప్లాను గీసే రోజునే ధ్వని గురించి ఇంజనీరును అడగాలి. లోపలి వైపు గోపురంలా వంగిన కప్పు, అర్ధచంద్రాకారపు వెనక గోడ ధ్వనిని ఒకే చోట పోగుచేస్తాయి. ఎదురెదురుగా సమాంతరంగా నిలిచిన నున్నటి గోడల మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుంటుంది. కాగితం మీద వీటిని మార్చడానికి ఖర్చు లేదు, కట్టాక మార్చడానికి ఉంది. ఇప్పటికే కట్టుకున్నవారు వెనక గోడతో మొదలుపెట్టవచ్చు. ముందు చెప్పిన మందిరంలోనే 800 చదరపు అడుగుల వెనక గోడను, నూటికి డెబ్బై అయిదు వంతుల ధ్వనిని పీల్చగల పలకలతో కప్పితే 50 మంది ఉన్న రోజున మూడున్నర సెకన్ల మారుమోత రెండు సెకన్ల లోపుకు వస్తుంది. రంధ్రాలున్న చెక్క పలక, దాని వెనక నిప్పుకు తట్టుకునే ఖనిజ ఉన్ని, కొంత ఖాళీ. చేయి తిరిగిన వడ్రంగి చేయగల పని అది. అంత స్తోమత లేని చోట గోడకు జానెడు ఎడంగా, మడతలు వచ్చేలా వేలాడదీసిన దళసరి తెరలు కూడా కొంత మేలు చేస్తాయి. పక్క గోడల ముందు భాగాన్ని, వేదిక పైకప్పును గట్టిగానే ఉంచాలి, సంఘం పాటను సంఘానికి తిరిగి ఇచ్చేవి అవే. బాక్సులను మనుషుల వైపు వంచాలి. డ్రమ్స్ కింద దళసరి చాప వేయాలి. మరో బాక్సు కొనేముందు ఖాళీ మందిరం మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి, అది ఎంతసేపు మోగుతుందో పెద్దలందరూ వినాలి.

ఆత్మ నడిపింపు ఉంటే చాలు, గోడలతో పనేమిటని అడిగేవారున్నారు. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలో ఆత్మవరాల గురించి చెబుతూనే పౌలు పిల్లనగ్రోవి, వీణ, బూర ప్రస్తావన తెచ్చాడు. స్వరాల్లో భేదం తెలియకపోతే వినేవానికి ఏమి ప్రయోజనమన్నది అతని ప్రశ్న. ఆత్మవరాన్ని, స్పష్టతను అతడు వేరు చేయలేదు. యువత కోసమే ఈ సౌండు అనేవారూ ఉన్నారు. మన యువత గొంతెత్తి పాడాలన్నదే మా కోరిక కూడా. వారి చేతికి గిటార్ ఇద్దాం, డ్రమ్స్ ఇద్దాం. వాద్యం పాటను మోయాలి గాని మూయకూడదని కూడా నేర్పుదాం.

సొలొమోను మందిర ప్రతిష్ఠను రెండవ దినవృత్తాంతముల గ్రంథం ఐదో అధ్యాయం వర్ణిస్తుంది. 120 మంది యాజకులు బూరలు ఊదారు, తాళాలు మోగాయి, వాద్యాలు మోగాయి. అంత సంగీత సమూహం ఉన్నా, బూరలు ఊదేవారు, గాయకులు కలిసి ఒకే స్వరంగా వినిపించినప్పుడే మహిమ మేఘం మందిరాన్ని నింపినట్టు అక్కడ చదువుతాం. ఎంత గట్టిగా పాడారన్న కొలత ఆ గ్రంథం చెప్పలేదు, ఎంతగా ఏకమయ్యారో చెప్పింది.

కాపరులకు, సంఘ పెద్దలకు, గాయక బృందాలకు మా మనవి ఒక్కటే. వచ్చే ఆదివారం ఏదో ఒక కీర్తనలో ఒక్క చరణం మైకులన్నీ ఆపి పాడించండి. ఫ్యాన్లు కూడా ఆ కాసేపు ఆగితే మంచిది. ఆ చరణం నిలబడితే దేవునికి స్తోత్రం చెల్లించి అలవాటుగా కొనసాగించండి. నిలబడకపోతే, బాక్సుల కోసం దాచిన సొమ్ము వెనక గోడకు వెచ్చించే విషయం తరువాతి సంఘ కూటంలో చర్చకు పెట్టండి. మన తరువాతి తరం మందిరంలో పాటలు వినేవారుగా కాక పాటలు పాడేవారుగా ఎదగాలని మా ప్రార్థన.